మార్కస్ మిల్లర్: స్టూడియో బేస్ వాద్యం నుంచి రికార్డు ప్రొడక్షన్ దాకా

మంద్రతంత్రి:
మార్కస్ మిల్లర్ పేరు చెప్పగానే ఎక్కువ మందికి గుర్తొచ్చేది ఆయన కుడిచేతి బొటనవేలు. మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ తీగను బొటనవేలితో కొట్టి, మరో వేలితో లాగి వదిలే స్లాప్ పద్ధతిలో ఆయనకున్న వేగాన్నీ స్పష్టతనూ చూపించే వీడియోలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. వాటిని చూసి ఆయన్ను అంచనా వేస్తే, ఆయన చేసిన పనిలో బాగా చిన్న భాగాన్ని చూసి తీర్పు చెప్పినట్లవుతుంది. ఏళ్ల తరబడి ఇతరుల పాటలకు రుసుము తీసుకుని వాయించిన సెషన్ వాద్యకారుడు, ఇరవయ్యారేళ్ల వయసులో జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ ఆల్బమ్ టూటూను దాదాపు ఒంటిచేత్తో ఎలా నిర్మించగలిగారన్న ప్రశ్నను ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. మిల్లర్ 1959 జూన్ 14న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జన్మించారు, క్వీన్స్‌లోని జమైకా ప్రాంతంలో పెరిగారు. తండ్రి చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ గాయకబృందాన్ని నడిపేవారు. మైల్స్ డేవిస్ బృందంలో పియానో వాయించిన వింటన్ కెల్లీ ఆ కుటుంబానికి బంధువే. మిల్లర్ శాస్త్రీయంగా నేర్చుకున్న వాద్యం బేస్ కాదు, క్లారినెట్. పదమూడేళ్లు వచ్చేసరికి క్లారినెట్, పియానో, బేస్ గిటార్ మూడూ ఆయన చేతిలో ఉన్నాయి. తర్వాతి కాలంలో జరిగిన చాలా సంగతులకు మూలం ఈ మూడు వాద్యాల్లోనే ఉందని నేను అనుకుంటున్నాను. సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

రికార్డుల పెట్టె:
మంచి విషయం ఎత్తారు, మంద్రతంత్రి గారూ. సెషన్ కాలం గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ వ్యవస్థ ఎలా నడిచేదో తెలియకపోతే ఆయన ప్రత్యేకత అర్థం కాదు.

1970ల చివరి న్యూయార్క్‌లో స్టూడియో పని వాద్యకారుల సంఘం నియమాల ప్రకారం జరిగేది. సాధారణంగా ఒక సెషన్ అంటే మూడు గంటలు. దానికి సంఘం నిర్ణయించిన కనీస రుసుము ఉండేది, అదే సెషన్‌లో రెండో వాద్యం కూడా వాయిస్తే అదనపు చెల్లింపు ఉండేది. ఉదయం ఒక వ్యాపార ప్రకటనకు, మధ్యాహ్నం ఒక గాయని పాటకు, రాత్రి ఒక జాజ్ ఆల్బమ్‌కు వాయించడం పేరున్న వాద్యకారులకు మామూలు సంగతి. స్టూడియో అద్దె, ఇంజనీరు జీతం, తోటి వాద్యకారుల రుసుము అన్నీ గడియారంతో పాటే నడుస్తాయి కాబట్టి, కాగితం ముందు పెట్టగానే చదివి, ఒకటి రెండు ప్రయత్నాల్లో వినదగ్గ వాద్యం ఇవ్వలేనివారికి మళ్లీ పిలుపు వచ్చేది కాదు.

మిల్లర్ టీనేజీలోనే ఈ లోకంలోకి వచ్చారు. ఫ్లూట్ వాద్యకారిణి బాబీ హంఫ్రీతోనూ, కీబోర్డు వాద్యకారుడు లానీ లిస్టన్ స్మిత్‌తోనూ వాయించారు. 1978, 79 సంవత్సరాల్లో శాటర్‌డే నైట్ లైవ్ టీవీ కార్యక్రమపు బృందంలో ఉన్నారు. ఆ తర్వాత 1980లో సాక్సఫోన్ వాద్యకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ చేసిన వైన్‌లైట్ ఆల్బమ్ వచ్చింది. బిల్ విథర్స్ పాడిన జస్ట్ ద టూ ఆఫ్ అస్ అందులోదే. ఆ గదిలో డ్రమ్స్‌పై స్టీవ్ గాడ్, గిటార్‌పై ఎరిక్ గేల్, కీబోర్డుపై రిచర్డ్ టీ, తాళవాద్యాలపై రాల్ఫ్ మెక్‌డొనాల్డ్ ఉన్నారు. అందరూ అప్పటికే న్యూయార్క్ స్టూడియోల్లో దిగ్గజాలు, మిల్లర్‌కు మాత్రం ఇరవై ఒక్కేళ్లు. ఆ పాటలో బేస్‌ను మాత్రమే గమనిస్తూ ఒకసారి వినండి. తొందర ఎక్కడా కనిపించదు. గొంతు వాక్యం ముగించి ఊపిరి తీసుకునే చోట ఒక చిన్న అలంకారం వేసి, గొంతు మళ్లీ మొదలయ్యేలోపు వెనక్కి తగ్గుతారు. అంత చిన్న వయసులో అంత ప్రతిభ ఉన్నవాళ్లు సాధారణంగా ఇంకా ఎక్కువ వాయిస్తారు.

సందేహి:
గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. ఎవరో రాసిచ్చిన కాగితం చూసి, ఎవరో కోరిన శైలిలో వాయించి, రుసుము తీసుకుని వెళ్లిపోయే పనిని మనం కళగా పొగుడుతున్నామేమో ఆలోచించాలి. అన్ని శైలుల్లోనూ ఒదిగిపోయే వాద్యకారుడికి సొంత గొంతు మిగులుతుందా? బహుముఖ ప్రజ్ఞ అని మనం పిలుస్తున్నది ఒక్కోసారి వ్యక్తిత్వం లేకపోవడమే కావచ్చు కదా.

నాలుగో తీగ:
సందేహి గారి ప్రశ్నకు వాద్యకారుడిగా సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను. నేను కూడా బేస్ వాయిస్తాను. వృత్తిగా కాదు, వ్యసనంగా.

పాప్, సోల్ సెషన్లలో బేస్ వాద్యకారుడి ముందుకు వచ్చే కాగితంలో ప్రతి స్వరమూ రాసి ఉండటం తక్కువ. చాలాసార్లు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లు, పాట విభాగాల గుర్తులు, అందరూ కలిసి ఆగవలసిన చోట్లు మాత్రమే ఉంటాయి. వాటి మధ్య ఏ స్వరాలు, ఏ లయలో, ఎంతసేపు నిలపాలన్నది వాయించేవాడే నిర్ణయించాలి. అంటే బేస్ బాణీని కట్టేది అతనే, పేరు పడేది మాత్రం పాట రచయితకు. మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు ప్రాణం పోసిన బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ పేరు 1971లో మార్విన్ గే ఆల్బమ్ అట్ట మీద అచ్చయ్యేదాకా, వాటిని రోజూ విన్న లక్షలాది శ్రోతలకు ఆయన ఎవరో తెలియదు.

ఇక సొంత గొంతు సంగతి. 1981లో వచ్చిన సోల్ గాయకుడు లూథర్ వాండ్రాస్ పాట నెవర్ టూ మచ్ వినండి. దానిలోని బేస్ గాయకుడికి దాదాపు సమానమైన పాత్ర. అది లేకుండా ఆ పాటను ఊహించుకోలేం. దాన్నీ పైన రికార్డుల పెట్టె గారు చెప్పిన పాటనూ పక్కపక్కన పెట్టి వింటే, ఒక చోట వెనక్కి తగ్గిన మనిషే మరో చోట ముందుకు ఎందుకు వచ్చాడో తెలుస్తుంది. రెండింటిలోనూ నిర్ణయం పాట అవసరాన్ని బట్టి జరిగింది. నాదం మాత్రం రెండు చోట్లా ఆయనదే.

ఆ నాదం గురించి కూడా చెప్పాలి. ఆయన ప్రధాన వాద్యం 1977 నాటి ఫెండర్ జాజ్ బేస్. 1970లలో తయారైన జాజ్ బేస్‌లలో వెనక పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం), అంతకుముందు దశాబ్దపు వాద్యాలతో పోలిస్తే, తీగల కింది కొస ఆనే బ్రిడ్జికి మరికొంత దగ్గరగా జరిగింది. దానివల్ల ధ్వని పదునుగా, లోహం మోగినట్లు వస్తుంది. న్యూయార్క్‌లో వాద్యాలు బాగుచేసే రోజర్ సడౌస్కీ ఆ గిటార్‌లో ఒక ప్రీయాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న సర్క్యూట్) అమర్చారు. మంద్రాన్నీ తారాన్నీ వాద్యం మీదే పెంచుకునే వీలు దానితో వచ్చింది, స్టూడియోలో రికార్డింగు కన్సోల్‌కు నేరుగా కలిపినా నిండైన ధ్వని వినిపించేది. స్లాప్ పద్ధతికి ఆద్యుడిగా లారీ గ్రాహమ్‌ను చెప్పుకుంటాం, స్టాన్లీ క్లార్క్ దాన్ని జాజ్ వేదికల మీదికి తెచ్చినవారిలో ముఖ్యులు. మిల్లర్ చేసిన పని వేరు. ఆ పద్ధతిలో ప్రతి స్వరానికీ కచ్చితమైన ముగింపు ఇచ్చారు. స్వరం ఎప్పుడు మొదలవుతుందన్నదే కాదు, ఎప్పుడు ఆగిపోతుందన్నది కూడా లయలో భాగమని ఆయన ఎడమచేయి చెబుతుంది. నావంటి వాళ్లం బొటనవేలిని అనుకరించడంలో మునిగిపోయి, ఆ ఎడమచేతిని పట్టించుకోం.

పాత క్యాసెట్టు:
మైల్స్ డేవిస్ ప్రస్తావన ఇంకా రాలేదు కాబట్టి నేను మొదలుపెడతాను.

1975 నుంచి దాదాపు ఐదేళ్లు మైల్స్ సంగీతానికి దూరంగా ఉన్నారు. తిరిగి వచ్చే ప్రయత్నంలో కొత్త బృందాన్ని సమకూర్చుకుంటున్నప్పుడు, వేరే ఎవరి సెషన్‌లోనో వాయిస్తున్న మిల్లర్‌కు కబురు అందింది. ద మ్యాన్ విత్ ద హార్న్ ఆల్బమ్ 1981లో వచ్చింది. అదే సంవత్సరం మైల్స్ మళ్లీ వేదిక ఎక్కినప్పుడు, సాక్సఫోన్ వాద్యకారుడు బిల్ ఎవాన్స్, గిటారిస్టు మైక్ స్టర్న్, డ్రమ్స్ వాద్యకారుడు ఆల్ ఫాస్టర్, తాళవాద్యాలపై మినో సినేలూలతో పాటు మిల్లర్ ఆ బృందంలో ఉన్నారు. వి వాంట్ మైల్స్ ఆ కచేరీల రికార్డింగే.

మిల్లర్ ఇంటర్వ్యూలలో చెప్పిన ఒక సంగతి ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది. మొదటి రికార్డింగులో మైల్స్ ఆయనకు ఇచ్చింది రెండే స్వరాలు, ఎఫ్ షార్ప్, జి. ఆయన వాటి చుట్టూ అల్లిక మొదలుపెడితే, తాను చెప్పింది ఆ రెండు స్వరాలేనని మైల్స్ ఆపారు. ఆ రెండింటినే బుద్ధిగా వాయిస్తే, ఇంతేనా వాయించేది అని మళ్లీ ఆపారు. మూడోసారి మిల్లర్ ఆ మాటలను పక్కన పెట్టి, చెవికి తోచినట్లు వాయించారు, పని జరిగిపోయింది. స్టూడియో వాద్యకారుడికి ఇది వింత పరీక్ష. చెప్పినట్లు చేయడం తప్పు, చెప్పినదాన్ని దాటడమూ తప్పు. సందేహి గారు అడిగిన వ్యక్తిత్వం ఇలాంటి చోట బయటపడుతుందని నాకు అనిపిస్తుంది.

రెండేళ్లు తిరక్కుండానే ఆయన ఆ బృందం నుంచి తప్పుకున్నారు. పాటలు రాయాలి, రికార్డును మొత్తంగా తీర్చిదిద్దే ప్రొడక్షన్ చేయాలి అన్న కోరిక అప్పటికే బలంగా ఉంది. 1982లో గాయని అరీతా ఫ్రాంక్లిన్‌కు జంప్ టు ఇట్ అనే పాటను లూథర్‌తో కలిసి రాశారు. అది అమెరికా ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి సంవత్సరం గెట్ ఇట్ రైట్ పాటతో అదే జంట మళ్లీ అదే స్థానాన్ని అందుకుంది.

మీటల మనిషి:
ఇక్కడ యంత్రాల సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. నేను కీబోర్డుల వైపు మనిషిని, ఆ పక్షపాతం ఉంటే క్షమించండి.

నిజమైన డ్రమ్స్ శబ్దాలను నమూనాలుగా నిక్షిప్తం చేసుకుని వాయించే లిన్ ఎల్‌ఎమ్-1 యంత్రం 1980లో వచ్చింది. 1983లో ధ్వనులను ఎలక్ట్రానిక్‌గా పుట్టించే యమహా డిఎక్స్7 సింథసైజర్, వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే మిడి ప్రమాణం వచ్చాయి. నలుగురు వాద్యకారులు మూడు గంటల సెషన్‌లో చేసే పనిని ఒక మనిషి ఒక గదిలో కూర్చుని చేసుకునే రోజులు మొదలయ్యాయి. న్యూయార్క్ సెషన్ లోకానికి, ముఖ్యంగా డ్రమ్స్, బేస్ వాయించేవారికి, ఇది పెద్ద దెబ్బ. చాలామంది ఆ యంత్రాలను శత్రువులుగా చూశారు. వాటిని నేర్చుకున్న కొద్దిమందిలో మిల్లర్ ఒకరు. పియానో, క్లారినెట్, బేస్ మూడూ వచ్చిన మనిషికి సింథసైజర్ కొత్త వాద్యం మాత్రమే.

1985లో మైల్స్ డేవిస్ దాదాపు మూడు దశాబ్దాలుగా ఉన్న కొలంబియా సంస్థను వదిలి వార్నర్ బ్రదర్స్‌కు మారారు. అక్కడ ప్రొడ్యూసర్ టామీ లిప్యూమాకు మిల్లర్ ఫోన్ చేసి, మైల్స్ కోసం ఏదైనా రాయవచ్చా అని అడిగారు. కీబోర్డు వాద్యకారుడు జార్జ్ డ్యూక్ అప్పటికే పంపిన ఒక నమూనా రికార్డింగును లిప్యూమా ఆయనకు వినిపించారు. అందులో డ్రమ్ మెషీన్, సింథసైజర్లు ఉన్నాయి. మైల్స్ ఇటువంటి ధ్వనికి సిద్ధంగా ఉన్నారన్నమాట అని మిల్లర్‌కు అర్థమైంది. 1986 ఫిబ్రవరి, మార్చి నెలల్లో టూటూ తయారైంది. జార్జ్ డ్యూక్ రాసిన ఒక రచన, స్క్రిట్టి పొలిటి బృందపు పాట ఒకటి తప్ప మిగతా రచనలన్నిటిలో మిల్లర్ చేయి ఉంది. బేస్, సింథసైజర్లు, డ్రమ్ మెషీన్, బేస్ క్లారినెట్, సొప్రానో సాక్సఫోన్, కొంత గిటార్ ఆయనవే. సింథసైజర్లను సిద్ధం చేయడంలో జేసన్ మైల్స్ సాయపడ్డారు. ఇలా కట్టిన కట్టడం మీద మైల్స్ తన మ్యూట్ ట్రంపెట్‌ను (మూతితో శబ్దాన్ని అణచిన ట్రంపెట్‌ను) చేర్చారు.

టైటిల్ రచన వింటే, అందులో యంత్రాలు నింపిన స్థలం కంటే వదిలిన స్థలం ఎక్కువ. ట్రంపెట్ రెండు స్వరాలు పలికి ఆగితే ఆ నిశ్శబ్దాన్ని పూడ్చడానికి ఎవరూ పరుగెత్తరు. సెషన్లలో గాయకుల ఊపిరిని కనిపెట్టుకుని వాయించిన అలవాటే ఇక్కడ అరేంజ్‌మెంట్‌గా (ఏ వాద్యం ఎక్కడ ఏం పలకాలన్న కూర్పుగా) మారిందని నా నమ్మకం.

సందేహి:
మీటల మనిషి గారు చెప్పిన చరిత్ర ఆసక్తికరంగానే ఉంది, కానీ నా అభ్యంతరం ఇక్కడే బలపడుతోంది. జాజ్ అంటే వాద్యకారులు ఒకరి మాట ఒకరు విని, అప్పటికప్పుడు బదులివ్వడం. టూటూలో ట్రంపెట్ మారితే డ్రమ్ మెషీన్ మారదు. మైల్స్ ఎంత మంచి వాక్యం పలికినా దానికి బదులు చెప్పేవాడు ఆ గదిలో లేడు. తన సొంత ఆల్బమ్‌లోనే ఆయన అతిథి అయ్యారు. దీన్ని మిల్లర్ ఘనతగా చెప్పుకోవచ్చునేమో, మైల్స్ ఘనతగా మాత్రం చెప్పుకోలేం.

పైగా ఆ డ్రమ్ శబ్దాలు విన్న వెంటనే అవి 1986 నాటివని తెలిసిపోతుంది. 1959లో మైల్స్ చేసిన రికార్డులకు ఆ బెడద లేదు.

మంద్రతంత్రి:
సందేహి గారి వాదనలో బలం ఉంది, కానీ దాన్ని పూర్తిగా అంగీకరిస్తే మైల్స్ స్వయంగా చేసిన మరికొన్ని గొప్ప రికార్డులను కూడా అదే కారణంతో తోసిపుచ్చవలసి వస్తుంది. 1957లో మైల్స్ అహెడ్, 1960లో స్కెచెస్ ఆఫ్ స్పెయిన్ విడుదలయ్యాయి. వాటిలో అరేంజర్ గిల్ ఎవాన్స్ మొత్తం వాద్యబృందానికి ప్రతి స్వరమూ ముందే రాసి పెట్టారు, మైల్స్ ఒక్కరే ఆ నేపథ్యం ముందు నిలబడి పలికారు. మైల్స్ అహెడ్‌లో కొన్ని సోలోలను బృందం రికార్డింగు ముగిసిన తర్వాత విడిగా చేర్చారు కూడా. అక్కడా ట్రంపెట్ మారితే వెనక రాసిన సంగీతం మారదు. కానీ అవి సంభాషణలు కావని మనం ఎవరమూ అనలేదు.

మిల్లర్‌కు ఈ పోలిక తెలియనిది కాదు. 1987లో ఆయనా మైల్సూ కలిసి సియెస్టా అనే చిత్రానికి సంగీతం చేసినప్పుడు, ఆ ఆల్బమ్‌ను గిల్ ఎవాన్స్‌కు అంకితం చేశారు. స్పెయిన్ నేపథ్యంలో సాగే ఆ సంగీతంలో మిల్లర్ బేస్ క్లారినెట్ వాయించారు, చిన్నప్పటి క్లారినెట్ శిక్షణ ఇలా పనికొచ్చింది. తన స్థానం బేస్ వాద్యకారుడి స్థానం కాదనీ, గిల్ ఎవాన్స్ నిలబడిన చోటనీ ఆయన గుర్తించినట్లు నాకు తోస్తుంది. అది అహంకారమని ఎవరైనా అంటే అనవచ్చు. నేను మాత్రం దాన్ని చరిత్ర తెలిసిన మనిషి వినయంగా చూస్తాను.

డ్రమ్ శబ్దాల కాలదోషం గురించి మీరన్నది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాలుగో తీగ:
సంభాషణ కావాలనుకునేవారికి 1989లో వచ్చిన మైల్స్ ఆల్బమ్ అమాండ్లాలోని చివరి రచనను సిఫారసు చేస్తాను. పేరు మిస్టర్ పాస్టోరియస్. 1987లో మరణించిన బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ స్మృతిలో మిల్లర్ రాసినది. డ్రమ్ మెషీన్ లేదు, ఆల్ ఫాస్టర్ వాయించారు. మైల్స్ పాత పద్ధతిలో స్వింగ్ లయ మీద తీరికగా పలుకుతారు, కింద మిల్లర్ బేస్ నడక కదులుతూ ఉంటుంది. ఇంకో బేస్ వాద్యకారుడికి నివాళి రాస్తూ, అందులో బేస్‌తో విన్యాసాలు చేయకుండా ట్రంపెట్‌కు చోటిచ్చిన తీరు చూడండి. జాకోకు నివాళి అనగానే వందలో తొంభై మంది వాద్యకారులు జాకో గుర్తుగా నిలిచిన ఫ్రెట్‌లెస్ బేస్ (మెట్లు లేని బేస్) తీసి, ఆయన్ను అనుకరించి ఉండేవారు.

కొత్త శ్రోత:
నేను ఈ సంగీతానికి కొత్త. ఆయన సొంత ఆల్బమ్‌లు రెండు మూడు విన్నాను. నిజం చెప్పాలంటే, మీరందరూ పొగుడుతున్న సంయమనం నాకు వాటిలో అంతగా వినిపించలేదు. బేస్ ఎప్పుడూ ముందే ఉంటుంది. నేను వినడం మొదలుపెట్టిన చోటు సరైనది కాదా?

రికార్డుల పెట్టె:
సరైన ప్రశ్న. సొంత ఆల్బమ్‌లలో ఆయన బేస్‌కు గాయకుడి స్థానం ఇచ్చారు, అది ఉద్దేశపూర్వకమే. అయితే అక్కడికి చేరడానికి ఆయనకు సమయం పట్టింది. 1983లో సడెన్‌లీ, 1984లో తన పేరుతోనే మరో ఆల్బమ్ వచ్చాయి. వాటిలో ఆయన పాడారు కూడా, అప్పటి ఆర్ అండ్ బి ధోరణిలో. అవి చెడ్డవి కావు, కానీ అదే ధోరణిలో ఆయన లూథర్‌కు చేసిపెట్టిన పాటలతో పోలిస్తే వెలవెలబోతాయి. తర్వాత సొంత పేరుతో వచ్చినది 1993 నాటి ద సన్ డోంట్ లై. మధ్యలోని తొమ్మిదేళ్లూ ఇతరుల కోసమే పనిచేశారు. 1995లో టేల్స్, 2001లో ఎమ్ స్క్వేర్డ్ వచ్చాయి. రెండోదానికి 2002లో ఉత్తమ సమకాలీన జాజ్ ఆల్బమ్‌గా గ్రామీ లభించింది.

నా మాట వినేట్లయితే, ఆయన్ను ఆయన ఆల్బమ్‌లతో మొదలుపెట్టకండి. ముందు డేవిడ్ శాన్‌బార్న్ రికార్డులు వినండి. శాన్‌బార్న్ సాక్సఫోన్ గొంతు చించుకుని పాడే గాయకుడిలా ఉంటుంది. ఆ గొంతుకు తగిన రాగాలు రాసిపెట్టిన మనిషి మిల్లరే. 1981 నాటి వాయర్ నుంచి, 1987 నాటి చికాగో సాంగ్, 1992 నాటి అప్‌ఫ్రంట్, 1999 నాటి ఇన్‌సైడ్ దాకా వరుసగా వింటే, రచయితగా, బేస్ వాద్యకారుడిగా, ప్రొడ్యూసర్‌గా ఆయన పెరుగుదల కళ్లకు కడుతుంది. 2024లో శాన్‌బార్న్ మరణించేనాటికి వారి స్నేహానికి నాలుగు దశాబ్దాలు దాటాయి. ఆ తర్వాత సొంత ఆల్బమ్‌లకు వస్తే, అక్కడ బేస్ ఎందుకు అంత ముందుకు వచ్చిందో మీకే అర్థమవుతుంది: శాన్‌బార్న్ సాక్సఫోన్ ఉండవలసిన చోట ఆయన తన బేస్‌ను నిలబెట్టారు.

మీటల మనిషి:
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు. సంగీతం గురించి మాట్లాడేటప్పుడు అది మర్యాద కాదనుకుంటాం, కానీ ఈ వృత్తిజీవితంలో అది నిర్ణాయకమైన విషయం.

సెషన్ వాద్యకారుడికి దక్కేది ఆ పూట రుసుము. పాట పదేళ్లపాటు రేడియోలో మోగినా, అమెరికాలోని మామూలు రేడియో కేంద్రాలు పాట రచయితకూ ప్రచురణకర్తకూ చెల్లిస్తాయి తప్ప వాయించినవారికి చెల్లించవు. డిజిటల్ ప్రసారాలకు 1995 చట్టం తర్వాత కొంత మార్పు వచ్చింది. చట్టం నిర్దేశించిన లైసెన్సు కింద వచ్చే రాయల్టీలో యాభై శాతం రికార్డు యజమానికి, నలభై ఐదు శాతం ప్రధాన కళాకారుడికి పోగా, నేపథ్య వాద్యకారులూ గాయకులూ అందరికీ కలిపి మిగిలేది ఐదు శాతం. అందుకని ఒక పాటకు గొప్ప బేస్ బాణీ కట్టినవాడూ, ఆ పాట రచనలో పేరు ఉన్నవాడూ ఒకే గదిలో కూర్చున్నా, వారి భవిష్యత్తులు వేరు.

వైన్‌లైట్ సెషన్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. తాళవాద్యాలు వాయించిన రాల్ఫ్ మెక్‌డొనాల్డ్, ఆ ప్రసిద్ధ గీతం రాసిన ముగ్గురిలో ఒకరు, ఆల్బమ్ ప్రొడ్యూసర్లలో కూడా ఒకరు. అదే గదిలో ఇరవై ఒక్కేళ్ల మిల్లర్ ఉన్నారు. ఆయన దాన్ని చూసి పాఠం నేర్చుకున్నారని నేను చెప్పలేను, కానీ ఒకటి రెండేళ్లలోనే లూథర్‌తో, శాన్‌బార్న్‌తో రచనలో భాగం తీసుకోవడం మొదలుపెట్టారన్నది రికార్డుల మీద అచ్చయి ఉన్న విషయం. 1991లో లూథర్ పాడిన పవర్ ఆఫ్ లవ్/లవ్ పవర్‌కు ఉత్తమ ఆర్ అండ్ బి గీతంగా వచ్చిన గ్రామీ రచయితలకు ఇచ్చేది. అందులో మిల్లర్‌కూ భాగం ఉంది. యంత్రాలు వచ్చి సెషన్ పని తగ్గిపోయిన కాలంలో ఆయన నిలదొక్కుకోవడానికి, బొటనవేలి కంటే ఈ రచయిత హోదాయే ఎక్కువ ఉపకరించిందని నా లెక్క.

పాత క్యాసెట్టు:
ఆ లెక్కలో సినిమాలనూ టీవీనీ కూడా చేర్చండి. హౌస్ పార్టీ, బూమరాంగ్ వంటి చిత్రాలకు 1990ల ఆరంభంలో నేపథ్య సంగీతం చేశారు. 2005 నుంచి 2009 దాకా నడిచిన ఎవ్రీబడీ హేట్స్ క్రిస్ ధారావాహికకు కూడా ఆయనే. ఆ పని గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దృశ్యానికి సరిపోతుంది, గుర్తుండదు, గుర్తుండాలని ఎవరూ కోరలేదు కూడా.

2012 నాటి రెనైసాన్స్ ఆల్బమ్‌లోని గోరే అనే రచన గురించి చెప్పాలనిపిస్తోంది. సెనెగల్ తీరంలోని గోరే ద్వీపం బానిసల వ్యాపారానికి స్మారకంగా నిలిచిన చోటు. అక్కడికి వెళ్లి వచ్చిన తర్వాత మిల్లర్ ఆ రచన చేశారు, అందులో బేస్ క్లారినెట్‌ను ముందు నిలిపారు. 2013లో యునెస్కో ఆయన్ను శాంతి కళాకారుడిగా నియమించి, బానిసల మార్గం ప్రాజెక్టుకు ప్రతినిధిని చేసింది. ఆ ప్రయాణం 2015 నాటి ఆఫ్రోడీజియాలో విస్తరించింది. స్లాప్ వీడియోలు చూసి వచ్చినవారికి ఈ క్లారినెట్ వినిపించి, వాయిస్తున్నది ఎవరో చెప్పమని అడగండి. ఊహించగలిగేవారు తక్కువే.

సందేహి:
సియెస్టాను మంద్రతంత్రి గారి మాట మీద మళ్లీ విన్నాను. అందులో మైల్స్ అతిథిగా అనిపించలేదు, ఒప్పుకుంటాను. టూటూ విషయంలో నా అభిప్రాయం మాత్రం అలాగే ఉంది. అయితే ఇంతకంటే కఠినమైన పరీక్ష వేరే ఉంది. సాక్సఫోన్ వాద్యకారుడు, స్వరకర్త వేన్ షార్టర్ 1995లో చేసిన హై లైఫ్ ఆల్బమ్‌కు మిల్లర్ ప్రొడ్యూసర్. షార్టర్ మైల్స్‌లా నిశ్శబ్దాలతో పనిచేసే మనిషి కాదు. ఆయన రచనలోనే పది పొరలు ఉంటాయి. అలాంటి స్వరకర్తకు మిల్లర్ వంటి నిగనిగలాడే ధ్వని అవసరమా? ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు విమర్శకులు రెండుగా చీలిపోయారు, గ్రామీ మాత్రం వచ్చింది.

మంద్రతంత్రి:
హై లైఫ్‌లో రచనలన్నీ షార్టర్‌వే, అరేంజ్‌మెంట్ ఆలోచనా ఆయనదే. మిల్లర్ అక్కడ గిల్ ఎవాన్స్ పాత్ర తీసుకోలేదు. ఇంకొకరు రాసిన దట్టమైన కాగితాన్ని శబ్దంగా మార్చే పని తీసుకున్నారు. ఒక విధంగా అది ఆయన పాత సెషన్ పనే, మరింత పెద్ద స్థాయిలో. ధ్వని మరీ నునుపుగా ఉందన్న ఫిర్యాదుతో నాకు కొంత ఏకీభావమే. కానీ అన్ని పొరలున్న సంగీతంలో ఏ పొరా మరొకదాన్ని మింగేయకుండా వినిపించడం నునుపు వల్ల సాధ్యమైందా, దానికి వ్యతిరేకంగా సాధ్యమైందా అన్నది తేల్చడం కష్టం.

కొత్త శ్రోత:
ఆ ఆల్బమ్‌లో బేస్ కూడా ఆయనే వాయించారా?

రికార్డుల పెట్టె:
ఆయనే. బేస్ క్లారినెట్ కూడా ఆయనదే. డ్రమ్స్‌లో ఎక్కువ భాగం లివింగ్ కలర్ బృందానికి చెందిన విల్ కాల్‌హూన్, కీబోర్డులు రేచెల్ జీ. సాక్సఫోన్‌ను కాసేపు పక్కన పెట్టి, కింది బేస్‌ను మాత్రమే పట్టుకుని మొదటి రచన వినండి. మీకు తెలిసిన స్లాప్ కోసం వెతకకండి. వాద్యబృందపు మంద్ర స్వరాలు ఎక్కడ ఆగి, ఆయన బేస్ ఎక్కడ మొదలవుతుందో విడదీసి చెప్పగలిగితే ఇక్కడ రాయండి.